ట్యాంకు పక్క బండి

మా పెళ్లికి అభ్యంతరం చెప్పినవాడు పెళ్లికొడుకే. చర్చి నిండా జనం ఉండగా, నిటారుగా లేచి నిలబడి, చెయ్యెత్తి మరీ చెప్పాడు. ఈ సంగతి ఎవరితో అన్నా ముందు అయ్యో పాపం అన్నట్టు నా మొహం చూస్తారు. ఆ తర్వాత పక్కనే కూర్చుని పళ్లికిలిస్తున్న మా ఆయన్ని చూసి అయోమయంలో పడతారు. మళ్లీ మొదటినుంచి చెప్పమంటారు. నాకు చెప్పిందే చెప్పడమంటే ఒళ్లు మంట. అందుకే ఒక్కసారి మొత్తం రాసి పడేస్తే పీడా పోతుందనుకున్నాను.

మాది విడవలూరు దాటాక సముద్రం వైపు పోయే దారిలో ఒక ఊరు. పడమర వరి, తూర్పున రొయ్యల గుంటలు, ఆ తర్వాత సరుగుడు తోటలు, ఆపైన ఇసుక. నాన్నది వరి సేద్యం. మనిషి ఆజానుబాహువు అని మర్యాదకు అనొచ్చు గానీ నిజానికి పొడుగు కన్నా అడ్డం ఎక్కువ. ఎప్పుడో ధాన్యం బస్తా ఎత్తుతుంటే మెడ పట్టేసి, ఇప్పటికీ పూర్తిగా తిరగదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. ఆయన తిరిగేలోపు పక్కనున్నవాడు టీ తాగి, గ్లాసు కడిగి, ఇంటికి పోవచ్చు.

నేను ఒక్కదాన్నే కూతుర్ని. నాకు జ్వరం వస్తే నాన్న మందులషాపు గడప మీద కూర్చుంటాడు, మాత్ర పనిచేయకపోతే అక్కడే అడగొచ్చని. అలాంటి మనిషికి సైన్యం సంబంధాలంటే హడల్. సైన్యమంటే గౌరవం లేక కాదు. పక్కింటి అల్లుడు సైన్యంలో ఉంటే వాడు సెలవులో వచ్చినప్పుడల్లా పిలిచి కాఫీ ఇస్తాడు, టీవీలో కవాతు వస్తే లేచి నిలబడతాడు. మన ఇంటికి మాత్రం వద్దు. ‘‘తుపాకి పట్టుకోని నడిచి పొయ్యేవాడికి నా బిడ్డనియ్యను’’ అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. అలా రెండు మూడు సంబంధాలు గుమ్మం దగ్గరే వెనక్కి పోయాయి.

వాకాడు వైపు మా పిన్ని ఉంది, అమ్మకు చెల్లెలు. ఆమె ఒక రోజు ఫోన్ పట్టుకుని ఊడిపడింది. ఫోన్లో ఒక ఫొటో. ఎడారిలాంటి చోట చైన్ల మీద నిలబడ్డ ఇనపబండి, పైన గొట్టం, పక్కన చెవులు కాస్త పెద్దవిగా ఉన్న పొడుగాటి మనిషి.

‘‘మా పక్క ఊరబ్బాయే, ట్యాంకు నడపతాడు బావా’’ అంది పిన్ని.

నాన్న ఫొటోను వేళ్లతో పెద్దది చేశాడు. అబ్బాయి మొహం పక్కకు జరిగిపోయి తెర నిండా ఇనుము వచ్చింది. ‘‘ఇది ఎంత మందం ఉంటాది మే?’’ అని అడిగాడు.

పిన్నికి ఇనుము గురించి తెలిసిందల్లా దోసెల పెనం. అయినా తడుముకోలేదు. ‘‘మూరెడు ఉంటాది బావా!’’

‘‘మూరెడా!’’ నాన్న మొహం వెలిగిపోయింది. ‘‘అంటే నడిచేవాడు గాదు. ఇనప గదిలో కూర్చోని తలుపేసుకునేవాడు. వాడికేమయితాది? రమ్మను.’’

అదీ జరిగింది. నాన్న నన్ను ఇస్తానన్నది మూరెడు ఇనుముకి.

పెళ్లిచూపులకు వచ్చినప్పుడు ఆయన ‘‘మెకనైజ్డ్‌లో డ్రైవర్నండీ’’ అనే చెప్పాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు. మా ఇంట్లో ఆ ముక్క అర్థమైనవాళ్లు ఒక్కరూ లేరు, అందరూ తలూపారు, జంతికలు పంచారు. మమ్మల్నిద్దర్నీ కాసేపు మాట్లాడుకోమని వసారాలోకి పంపితే, ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఇది: ‘‘మీకు కోపమొస్తే ఏం చేస్తారు?’’

‘‘అరుస్తాను’’ అన్నాను. దాచి ఏం లాభం, ఊరంతా సాక్షి.

‘‘పర్లేదండి. నా సీటు పక్కనే ఇంజను. నాకు అలవాటే’’ అన్నాడు. అని నవ్వాడు. నవ్వితే ఆ రెండు చెవులూ కదిలాయి. అంతే, నా పని అయిపోయింది. లోపలికి వెళ్లి అమ్మతో ‘‘సరే అని చెప్పండి, ఇప్పుడే చెప్పండి’’ అన్నాను. ‘‘కొంచెం బెట్టు చెయ్యవే’’ అని అమ్మ గిల్లింది.

ప్రధానం అయ్యాక ఫోన్లు మొదలయ్యాయి. ఆయన మాటల్లో సగం ‘మా బండి’. ఇవాళ మా బండి కడిగినాం, మా బండికి చైను బిగించినాం, మా బండి ఇసుకలో గుర్రం మాదిరి పోయింది. నేను బండంటే ట్యాంకే అనుకుని, ‘‘ఆహా, అట్టాగా’’ అంటూ వినేదాన్ని. ఆ మాటల్లో ఆ గొంతు నాకిష్టం గానీ బండి సంగతి నాకెందుకు? ఆయన పక్కన ఉన్నట్టే ఉండేది. గుమ్మంలో అమ్మ నిలబడి ‘‘ఆ ఫోను పెట్టేసి అన్నం తినవే’’ అనేదాకా వినేదాన్ని.

ఇక నాన్న ప్రచారం చూడాలి. రైసుమిల్లులో ట్యాంకు, టీకొట్టులో ట్యాంకు. కోతల కాలంలో మా చేలోకి చైన్ మిషన్ తెచ్చిన ఆసామి దాని గొప్ప చెప్పబోతే, ‘‘పోబ్బా, మా అల్లుడి దాని ముందర ఇదొక మిషనా!’’ అని వాడి ఉత్సాహం మీద నీళ్లు చల్లాడు. వాడు అలిగి మా పక్క చేను ముందు కోశాడు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు, ఆరాధన అయ్యాక, పాస్టరు అయ్యగారు పెళ్లి ప్రకటన చదువుతారు. ఫలానా వారి కుమారునికి, ఫలానా వారి కుమార్తెకు వివాహం జరగబోతోంది, ఎవరికైనా అభ్యంతరం ఉన్న యెడల తెలియజేయవలెను అని. చదివి కాసేపు ఆగుతారు. ఆ కాసేపూ ఎవరూ కదలరు. దగ్గు వచ్చినా మింగుతారు, చంటిబిడ్డ ఏడవబోతే నోట్లో ఏదో ఒకటి పెడతారు. ఆ మౌనం సజావుగా దాటితేనే పెళ్లి. మా అయ్యగారు పద్ధతి మనిషి. నాన్న ఆయన వెంటపడి, బతిమాలి, ప్రకటనలో ‘ట్యాంకు నడుపుచున్న’ అన్న మాట పెట్టించాడు. మొదటి ఆదివారం అది చదవగానే జనంలో ‘ఓహో’ అని ఒక అల లేచింది. రెండో ఆదివారం ఆ అల కోసమే నాన్న ముందు వరసలో కూర్చున్నాడు.

మూడో ఆదివారం వచ్చింది. గురువారం పెళ్లి. ఇంటి ముందు పందిరి రాటలు దిగాయి, బిర్యానీ వండేవాళ్లకు బయానా కూడా పోయింది. నేను పాటల బృందంలో నిలబడి పాడుతూ యథాలాపంగా మగవాళ్ల వైపు చూశాను. ఆఖరి వరసలో ఆ చెవులు! సెలవు ముందే దొరికిందట. చెప్పకుండా, వాకాడు నుంచి ఎండలో మోటార్ సైకిల్ మీద వచ్చేశాడు, నన్ను చూడ్డానికి. నాకు రెండో చరణం ఎగిరిపోయింది, పల్లవి అందుకున్నాను. పక్కనున్న అక్క మోచేత్తో పొడిచింది. పొడిస్తే పొడిచింది, నేను గాల్లో ఉన్నాను.

అయ్యగారు ప్రకటన అందుకున్నారు. ‘‘భారత సైన్యములో ట్యాంకు నడుపుచున్న...’’ అనగానే అల లేచింది. నాన్న భుజాలు ఇంకాస్త వెడల్పయ్యాయి. ‘‘ఎవరికైనా అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను’’ అన్నారు. మౌనం.

‘‘ఉండాది అయ్యగారూ’’ అని వెనకనుంచి వినపడింది.

కీబోర్డు వాయించే ఆయన చెయ్యి జారి ‘బుయ్’ అని మోగింది. అమ్మ చేతిలో విసనకర్ర కింద పడింది. చర్చి మొత్తం ఒక్కసారిగా వెనక్కి తిరిగింది, నాన్న తప్ప. నాన్న అప్పుడే తిరగడం మొదలుపెట్టాడు.

అయ్యగారు ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆ జవాబు వినలేదు. కళ్లద్దాలు సర్దుకుని, ‘‘ఎవరి పెళ్లికి నాయనా?’’ అని అడిగారు.

‘‘నా పెళ్లికేనండీ.’’

స్త్రీల సమాజం అక్కలు కొంతమంది ‘‘ప్రభువా’’ అన్నారు. వేరే అమ్మాయి ఎవరైనా ఉందేమో, అందుకే ఇంత దూరం వచ్చాడేమో అని ఒక్క క్షణంలో నేను పడని బాధ లేదు.

‘‘నేను ట్యాంకు నడపనండీ. బీఎంపీ అని ఇంకో బండి ఉండాది, అది నడపతాను’’ అన్నాడు ఆయన, చెవులు ఎర్రగా చేసుకుని. ‘‘దేవుడి ముందర ట్యాంకని చదివినాక నేను కుక్కిన పేను మాదిరి కూర్చుంటే అబద్ధమాడినట్టే గదా. పెళ్లికి నాకేం అభ్యంతరం లేదండీ. ట్యాంకుకే.’’

నాకు ఊపిరి వచ్చింది, వెంటనే నవ్వు వచ్చింది, ఆ వెనకే కోపం కూడా వచ్చింది. పేపరు మీద ఒక మాట తప్పయితే చర్చి బయట చెప్పకూడదా మహానుభావా! కానీ అప్పటికి నాన్న తిరగడం పూర్తయింది.

‘‘మరి ట్యాంకు ఎవురు నడపతారు?’’ అన్నాడు.

‘‘వేరే వాళ్లు మామా.’’

‘‘నువ్వేం చేస్తావు?’’

‘‘దాని పక్కన పోతా.’’

‘‘నడిచా?’’ నాన్న గొంతు చీలిపోయింది.

‘‘నడిచి గాదు మామా. బండ్లోనే.’’

అయ్యగారు చెయ్యెత్తారు. అభ్యంతరం వచ్చింది కాబట్టి ప్రకటన ఆగిపోయినట్టే అన్నారు. సంఘ పెద్దలు కూర్చుని తేల్చాలి. ఇవాళ తేలితే ఇవాళే మళ్లీ చదువుతారు. తేలకపోతే గురువారం పెళ్లి లేదు. అంత చల్లగా చెప్పారు, నిమ్మకు నీరెత్తినట్టు. నాకు ఆయన కావాలి. ఈ పెద్ద చెవుల మనిషి తప్ప ఇంకెవరూ వద్దు. నాన్న ట్యాంకని ఒప్పుకున్నాడు, ఇప్పుడు ట్యాంకు లేదు.

చర్చి పక్కన రేకుల షెడ్డులో పెద్దలు కూర్చున్నారు. ఇళ్లలో కూరలు మాడిపోతున్నా జనం ఒక్కరూ కదల్లేదు. ఇంత వినోదం వదిలి ఎవరు పోతారు? పెద్దల్లో అందరికంటే పెద్దాయన సముద్రం ఒడ్డున పాళెం నుంచి వస్తాడు, చేపలవేట ఇంటివాడు. ఆడవాళ్ల తరఫున స్త్రీల సమాజం పెద్దక్క.

నాన్న సూటిగా అడిగాడు. ‘‘నీ బండి ఇనుము ఎంత మందం అబ్బయా?’’

నేను వెనక నిలబడి ఆయన వైపు కళ్లతో సైగ చేశాను. చెప్పు, మూరెడని చెప్పు, జానెడనైనా చెప్పు, ఎవడు కొలవొచ్చాడు! ఆయన నా సైగ చూశాడు. చూసి, అర్థం చేసుకుని, తల దించుకున్నాడు.

‘‘ట్యాంకు కన్నా బాగా పల్చన మామా.’’

ఆ క్షణంలో ఆయన్ని రెండు పీకాలనిపించింది. అంతకంటే ఎక్కువగా ఆ చెయ్యి పట్టుకుని నిలబడాలనిపించింది. నన్ను పోగొట్టుకుంటానని తెలిసి కూడా నాన్నకు నిజమే చెప్పాడు. అది నాకు మెడలో దండ వేసినంత గొప్పగా అనిపించింది.

నాన్న లేచి నిలబడ్డాడు. ‘‘అయితే లేదబ్బా. నేను ట్యాంకని ఇచ్చినా. పల్చనిదానికి ఇయ్యను.’’

‘‘కూర్చోవయ్యా’’ అన్నాడు పాళెం పెద్దాయన. ‘‘ఇనుము సంగతి తర్వాత. ముందు ఆ బండికి పనేందో చెప్పనీ.’’

మా ఆయన చెప్పాడు. ట్యాంకు బలమైనదే, దూరంగా ఉన్నదాన్ని పేల్చేస్తుంది. కానీ లోపల కూర్చున్నవాళ్లకు దగ్గరున్నది సరిగ్గా కనపడదు. పొదలో ఒక్కడు భుజాన రాకెట్టు పెట్టుకుని నక్కి, పక్కనుంచో వెనకనుంచో కొట్టాడంటే అంత ట్యాంకూ గోవిందా. అందుకని పక్కనే తమ బండి పోతుంది. దాంట్లో జవాన్లు ఉంటారు. తామంతా పొదలే చూస్తుంటారు, అవసరమైతే దిగి వెతుకుతారు. పైన ఉన్న చిన్న ఫిరంగి చకచకా కాలుస్తుంది. పెద్దలంతా శ్రద్ధగా విన్నారు. ఒక్కరికీ ఏమీ అర్థం కాలేదు.

‘‘నోటితో చెప్తే మాకు తెలీదు నాయనా. చేసి చూపించు’’ అంది పెద్దక్క.

‘‘ట్యాంకు కావాలి గదక్కా.’’

పాళెం పెద్దాయన నాన్నను కిందినుంచి పైదాకా చూశాడు. ‘‘ఆకారానికి ఈయన సరిపోతాడు. మెడ కూడా తిరగదు’’ అన్నాడు. జనం గొల్లుమన్నారు. నాన్నకు కోపమొచ్చింది గానీ ట్యాంకు తానే అయ్యేసరికి కాస్త గర్వం కూడా వచ్చింది.

చర్చి ప్రహరీ పక్కన సరుగుడు తోట. స్త్రీల సమాజం మొత్తం కొంగులు బిగించి దాంట్లోకి దూరింది, శత్రువులుగా. కుళాయి దగ్గర తడి ఇసుక ముద్దలు చేసుకున్నారు. వాళ్లకు నాన్నంటే పాత కక్ష ఉంది, వాళ్లు పాడుతుంటే ప్రతి వారం ‘‘ఈ వారం కూడా శ్రుతి తప్పింది’’ అంటాడు. నాన్న షెడ్డు నుంచి గేటు దాకా పోవాలి, అంతే.

‘‘రెడీనా?’’ అన్నాడు మా ఆయన.

నాన్న తెల్లచొక్కా గుండీ పెట్టుకుని, ‘‘డుర్ర్ర్’’ అంటూ బయల్దేరాడు. నాలుగడుగులు వేశాడో లేదో ఎడమ డొక్కలో ఒకటి తగిలింది. ‘‘ఎవురది?’’ అని అటు తిరగడం మొదలుపెట్టాడు. తిరిగేలోపు కుడి భుజం మీద ఇంకోటి. ఇటు తిరిగితే వీపు మీద. ఆ తర్వాత లెక్కే లేదు. తోటలోంచి ఇసుక వానలా కురిసింది. ఆడవాళ్లు కేకలు, నవ్వులు. నడుం మీద ఒకటి భేషుగ్గా తగిలింది, అది మా అమ్మ విసిరింది. ఆమె శత్రువుల్లో ఎప్పుడు చేరిందో ఎవరూ చూడలేదు. గురి చూసే విసిరిందని నా నమ్మకం. నాన్న గేటు చేరేసరికి తెల్లచొక్కా జాడే లేదు. నేను నవ్వలేక షెడ్డు స్తంభం పట్టుకుని కూలబడ్డాను. పెళ్లి పోతుందేమోనని ఏడవాల్సినదాన్ని, కడుపు పట్టుకుని నవ్వుతున్నాను.

‘‘ఇప్పుడు మేం వస్తాం’’ అన్నాడు మా ఆయన. పాటల బృందం కుర్రాళ్లను ముగ్గుర్ని తన వెనక నడవమన్నాడు, జవాన్లుగా. నాన్నను మళ్లీ షెడ్డు దగ్గర నిలబెట్టి, తను పక్కన, అర అడుగు వెనగ్గా, తోట వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. నాన్న మళ్లీ ‘‘డుర్ర్ర్’’ అన్నాడు, ఈసారి కొంచెం తక్కువ ధైర్యంతో.

ఒక పొద కదిలింది. ‘‘అదిగో, నీలం చీర!’’ అని మా ఆయన అరిచాడు. ఇద్దరు కుర్రాళ్లు పొదలోకి దూకారు. నీలం చీర అక్క ‘‘ఓయమ్మో’’ అని చెప్పులు వదిలేసి పరిగెత్తింది. ‘‘ఆ చెట్టు వెనక!’’ అక్కడ పెద్దక్క దొరికిపోయి, కూర్చుండిపోయి, నవ్వుతూ ఇసుక ముద్దలు అప్పగించేసింది. మా అమ్మ లొంగిపోకుండా తోట దాటి మొగిలి పొదల దాకా వెళ్లిపోయింది, ఆమెను తర్వాత పిలుచుకొచ్చారు. వదినలూ అక్కలూ కాకుల్లా చెదిరిపోయారు. నాన్న గేటు చేరాడు. వీపు మీద కొత్తగా ఒక్క మరక కూడా పడలేదు.

నాన్న పొంగిపోయాడు. ‘‘చూసినారా! ఒక్కటన్నా తగిలిందా!’’ అంటూ చేతులు పైకెత్తి గేటు దగ్గర చిందులేశాడు. జనం ఈలలు. గెలిచిన పందెపు పొట్టేలు కూడా అంత మురవదు. అలా గెంతుతూ అల్లుణ్ణి మెచ్చుకుందామని మొత్తం మనిషి తిరిగాడు.

మా ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. జుట్టులో, కనుబొమల మీద, పళ్ల మధ్య, ఆ చెవుల్లో, అంతా ఇసుక. చొక్కా ముందరి భాగం తడిసి బరువుగా వేలాడుతోంది. విసిరినవన్నీ ఎటు పోయాయో అప్పుడు తెలిసింది. నాన్న చేతులు కిందికి దిగాయి.

‘‘నాకు తగలాల్సినయ్యి నీకు తగిలినాయి’’ అన్నాడు.

‘‘అదే గదా మామా మా పని’’ అన్నాడు మా ఆయన, ఉఫ్ఫుమని ఇసుక ఊస్తూ.

ఈలలు ఆగిపోయాయి. నాన్న వచ్చి షెడ్డులో బల్ల మీద కూలబడ్డాడు. ‘‘ఇదే నేను వద్దంది. ట్యాంకయితే నా బిడ్డకు దిగులు లేదనుకున్నా. ఇదేందయ్యా, పల్చటి బండేసుకోని అడ్డం నిలబడే పని!’’ అన్నాడు. గొంతులో కోపం లేదు. కళ్లలో నీళ్లు ఉన్నాయి. అప్పటిదాకా ఎగిరెగిరి పడుతున్న నా గుండె ఆ నీళ్లు చూసి అణిగిపోయింది.

పాళెం పెద్దాయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. ‘‘అంత పల్చగా ఎందుకు చేసినారు నాయనా దాన్ని?’’ అని మా ఆయన్ని అడిగాడు.

‘‘తేలాల గదా పెద్దాయనా. అది నీళ్లలో ఈదతాది. కాలవ అడ్డమొచ్చినా, నది అడ్డమొచ్చినా దిగి పోతాం.’’

పెద్దాయన లేచి నిలబడ్డాడు. ‘‘ఈదతాదా! అంటే పడవ! అది ముందే చెప్పొద్దూ!’’ అని తొడ చరిచాడు. ‘‘సముద్రంలో?’’

‘‘అలలుంటే కష్టం పెద్దాయనా. నిలకడ నీళ్లలో.’’ ఈ మనిషికి పొరపాటున కూడా గొప్ప చెప్పుకోవడం రాదు.

పెద్దాయన నాన్న పక్కన కూర్చున్నాడు. ‘‘మా పాళెంలో పడవ చెక్క ఎంత మందమని అడిగి ఏ తండ్రన్నా పిల్లనిచ్చినాడంటయ్యా? నా కూతురి మొగుడు ఫైబరు పడవలో పోతాడు. అది నా వేలంత మందం గూడా ఉండదు. పొద్దున పోతాడు. వచ్చిందాకా ఆ బిడ్డ గట్టున నిలబడి చూస్తా ఉంటాది, నేను గూడా చూస్తా ఉంటా, దాని ఎనకాల, దానికి తెలీకుండా. వస్తాడు. చేపలమ్ముకుంటారు, కొట్టుకుంటారు, నవ్వుకుంటారు. ఇచ్చినందుకు నాకు బాధ లేదు. దిగులుంటాది, ఉంటే ఏం? మనిషి మంచోడా కాదా, అది చూసుకో.’’

నాన్న చొక్కా మీది ఇసుక దులుపుకున్నాడు. తర్వాత మా ఆయన్ని అడిగాడు: ‘‘ట్యాంకు పక్కన నువ్వుంటావు. నీ పక్కన ఎవురుంటారు?’’

‘‘ట్యాంకే మామా. దానికి నేను, నాకు అది. ఒంటిగా ఎవరూ పోరు.’’

నాన్న నా వైపు తిరిగాడు, మొత్తం మనిషి. ‘‘నువ్వేమంటావు మే?’’

ఊళ్లో నా నోటికి భయపడని వాళ్లు లేరు. ఆ నోటితోనే, మెల్లగా అన్నాను, ‘‘ఆయనే కావాల నాన్నా. నేను గూడా గట్టున నిలబడి చూస్తా.’’

నాన్న తలూపలేదు, ఊపడానికి మెడ రాదు. లేచి కుళాయి దగ్గరికి వెళ్లి మొహం కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుని, ‘‘గంట కొట్టించండి అయ్యగారూ’’ అన్నాడు.

జనమంతా మళ్లీ లోపలికి తోసుకొచ్చారు. సగం మంది ఇసుకలో ఉన్నారు. నీలం చీర అక్క ఒక చెప్పుతోనే కూర్చుంది. అయ్యగారు మా ఆయన్ని దగ్గరికి పిలిచి, ఏం చదవాలో మాట మాటా అడిగి తెలుసుకుని, గొంతు సవరించుకున్నారు. ‘‘భారత సైన్యములో యుద్ధ ట్యాంకులకు తోడుగా పోవు బండిని నడుపుచున్న కుమారునికిని...’’ అని నా దాకా చదివారు. ‘‘ఎవరికైనా అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను.’’

మౌనం. నేను మా ఆయన వైపే చూస్తున్నాను, లేచావంటే చంపుతానని. ఆయన బుద్ధిగా కూర్చున్నాడు. ముందు వరసలో బల్ల కిర్రుమంది. నాన్న లేచాడు.

అమ్మ ఆయన చొక్కా పట్టుకుని లాగింది. నాన్న ఆగలేదు.

‘‘నాకు భయముండాది అయ్యగారూ’’ అన్నాడు. మైకు లేకుండానే చర్చి అంతా వినపడింది. ‘‘అది పొయ్యేది గాదు. రోజూ ఉంటాది. అభ్యంతరం మాత్రం లేదు.’’

అయ్యగారు ఈసారి తడబడలేదు. ‘‘మంచిది’’ అన్నారు. నాన్న ముందు వరసలో తన చోట కూర్చోకుండా, అందరి మధ్యనుంచి నడుచుకుంటూ ఆఖరి వరస దాకా వెళ్లాడు. మా ఆయన పక్కకు జరిగాడు. నాన్న ఆ పక్కన కూర్చున్నాడు.